చౌడు మిద్దె, స్లాబు మిద్దె

వేసవినాటి రాత్రి తొమ్మిది గంటలకు మీ ఇంటి స్లాబు క్రింద ఒక ఎత్తుపీట వేసికొని, ముందుగా పంఖాను ఆపి, పైకప్పును అరచేతితో ఒక్కసారి తాకి చూడుడు. సూర్యుడు అస్తమించి రెండు గంటలు దాటియుండును. వీధిలో గాలి చల్లబడుచుండును. అయినను పైకప్పు మాత్రము జ్వరపడిన బిడ్డ నుదుటివలె చేతికి వెచ్చగా తగులును. ఆ జ్వరము నడిరేయి దాటినగాని దిగదు. ఇంటివారు మంచములను మిద్దెపైకి మోసికొనిపోవుట, ముసలివారు వాకిట చాప పరచుకొనుట, తల్లి తెల్లవార్లు చంటిబిడ్డకు విసనకఱ్ఱ విసరుట అనంతపురము సీమలో ఏటేట చూచుచున్న సంగతులే. అదే వీధిలో నాలుగిండ్ల అవతల పాత మట్టిమిద్దె ఒకటి మిగిలియున్నచో, అక్కడ కూడ అదే పరీక్ష చేసి చూడుడు. ఆ కప్పు పగలు కాసిన ఎండ సంగతియే ఎరుగనట్లుండును.

రెండిండ్లపైనను కాసినది ఒకే ఎండ. మరి ఈ భేదము ఎక్కడినుండి వచ్చినది? పాత మిద్దెలోని మంచి గుణమును నేటి స్లాబు ఇంటికి తెచ్చుకొనుట సాధ్యమా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

ఈ ప్రశ్నలు మాకు ఊరక తోచినవి కావు. ధర్మవరమునకు చేరువనున్న ఒక పల్లెలో మేమెరిగిన నేతపనివారి కుటుంబమొకటి కలదు. వారిది తాతలనాటి మిద్దె. దాని ముందు భాగమును కొన్నేండ్ల క్రిందట కూల్చి స్లాబు వేసికొనిరి. వెనుక భాగము మట్టిమిద్దెగానే నిలిచియున్నది. మేము పోయిన దినమున ఆ వెనుక భాగమును గురించి తల్లికిని కుమారునికిని వాదము జరుగుచుండెను.

"వానకు కారే మిద్దె. దూలాలు చూస్తే చెదలు పట్టినాయి. ఇంకా ఎన్నాళ్లని పెట్టుకుంటామమ్మా? అదీ కొట్టేసి స్లాబు పోసేస్తాం" అని కుమారుడనెను.

"నీ స్లాబు మిద్దెలో ఎండకాలం ఒక్క రాత్రన్నా కంటినిండా నిద్దరపోయినావా నాయనా? పొద్దు గూకితే చాప తీసుకోని నా మిద్దెలోకే వస్తాండావు కదా!" అని తల్లి బదులు చెప్పెను.

ఇద్దరి మాటయు నిజమే. అందుచేతనే ఆ వాదము తేలలేదు. ఇటువంటి వాదము నేడు ఈ సీమలో ఎన్నో ఇండ్లలో జరుగుచున్నది. తీర్పు చెప్పుటకు ముందు ఎండ ఇంటిలోనికి వచ్చు త్రోవను తెలిసికొనవలెను.

అనంతపురము సీమ దక్కను పీఠభూమిలో ఒక మెట్టప్రాంతము. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలలోనే తమ నీటిని చాలవరకు క్రుమ్మరించి ఇచటికి వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనములకు తూర్పు తీరము దూరము. అందువలన సగటున ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మబ్బు తక్కువ, చెట్టు తక్కువ, గాలిలో తేమ తక్కువ. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా రెండై, ధర్మవరము, హిందూపురము, కదిరి, పెనుకొండ ప్రాంతములు పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. కాని ఎండకు జిల్లా సరిహద్దులు లేవు.

ఈ ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 14 డిగ్రీల 40 నిమిషముల అక్షాంశమున ఉన్నది. ఏప్రిల్ నెలాఖరున ఒకసారియు, ఆగస్టు నడుమ మరొకసారియు సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తిమీదికి వచ్చును. మే నెలలో కూడ నడినెత్తికి ఎంతో దూరము పోడు. అనగా ఎండ కఠినముగా ఉన్న మాసములలో మధ్యాహ్నపు టెండ గోడలపై అంతగా పడదు, కప్పుపైననే పడును. తూర్పు గోడకు ఉదయమున కొంత, పడమటి గోడకు సాయంకాలమున కొంత ఎండ తగులును. కప్పుకు మాత్రము ప్రొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు తెరపి లేదు.

ఆ ఎండ బలమెంతయో లెక్క వేయుదము. నిర్మలమైన ఆకాశమున మధ్యాహ్నపు సూర్యుడు ప్రతి చదరపు మీటరుపైనను ఇంచుమించు 1000 వాట్ల శక్తిని కురిపించును. ముప్పది అడుగుల పొడవు, ఇరువది అడుగుల వెడల్పు గల చిన్న ఇంటి కప్పు సుమారు 56 చదరపు మీటర్లు. అనగా ఒక్కొక్కటి 1000 వాట్ల శక్తిగల విద్యుత్తు పొయ్యిలను 56 తెచ్చి మిద్దెపై వరుసగా వెలిగించిన ఎంత వేడిమియో అంత వేడిమి మిట్టమధ్యాహ్నము ఆ కప్పుపై పడుచున్నది. గోడలకు ఎన్ని రంగులు వేసినను, కిటికీలకు ఎన్ని తెరలు కట్టినను, ఈ కప్పు సంగతి చూడనిదే ఇల్లు చల్లబడదు. మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదియే. అనంతపురము ఇంటికి వేడిమి కప్పు త్రోవనే వచ్చును. కావున చల్లదనమును కూడ కప్పునుండియే ఆరంభింపవలెను.

ఇక కప్పుపై పడిన వేడిమి ఏమగును? మూడు పనులు జరుగును. కొంత వెలుగు తిరిగి ఆకాశమునకు ఎగసిపోవును. మిగిలినది కప్పులోనికి ఇంకును. ఇంకిన వేడిమి మెల్లమెల్లగా క్రిందికి ప్రాకి ఇంటిలోనికి దిగును. ఎంత ఎగసిపోవును, ఎంత ఇంకును అనునది కప్పు రంగును బట్టియుండును. ఎంత వేగముగా, ఎంత బలముగా క్రిందికి దిగును అనునది కప్పు మందమును, అది చేయబడిన వస్తువును బట్టియుండును.

కాంక్రీటు వేడిమిని బాగుగా ప్రాకనిచ్చు వస్తువు. ఎండిన మట్టితో పోల్చినచో దానిగుండ వేడిమి రెండింతలకు మించి ప్రవహించును. పైగా మన స్లాబు మందము నాలుగైదు అంగుళములే. మధ్యాహ్నము ఒంటిగంట, రెండు గంటల వేళ పైభాగమున పుట్టిన వేడిమి కెరటము మూడు నాలుగు గంటలలో అడుగుభాగమునకు చేరును. బలము కూడ సగమునకు కొంచెము తక్కువగా అట్లే మిగిలియుండును. కనుకనే స్లాబు గది సాయంకాలము ఐదారు గంటలకు మిక్కిలి వేడెక్కి, మనుష్యులు పనులు ముగించుకొని పడుకొను వేళకు తాను దాచుకొన్న వేడిమినంతయు వారిపై క్రుమ్మరించును. పంఖా గాలిని త్రిప్పునే గాని చల్లబరచదు. గదిలోని గాలి మన చర్మము కంటె వేడిగా ఉన్నప్పుడు పంఖా ఆ వేడిగాలినే మనమీదికి తోలును. ఏసీ పెట్టుకొన్నవారు మొదటి రెండు మూడు గంటలు తమ స్లాబు దాచిన ఎండను వెళ్లగొట్టుటకే విద్యుత్తు రుసుము చెల్లించుచున్నారనుకొనవలెను.

మట్టిమిద్దెలో ఒక అడుగు మందమున మట్టి ఉండును. ఆ మట్టిగుండ వేడిమి కెరటము దిగుటకు సుమారు పది గంటలు పట్టును. మధ్యాహ్నపు ఎండ జాడ అడుగునకు చేరునప్పటికి నడిరేయి దాటును. అప్పటికి కెరటము బలము నూటికి పది పాళ్లు కూడ మిగులదు. ఇంతలో వెలుపలి గాలి చల్లబడియుండును. మబ్బులేని పొడి ఆకాశము క్రింద మిద్దె పైభాగము తన వేడిమిని ఆకాశమునకు తిరిగి ఇచ్చివేయుచుండును. ఈ విధముగా పగటి ఎండను రాత్రి చల్లదనముతో చెల్లువేయుటయే మట్టిమిద్దె చేయు పని. పగలు మిక్కిలి వేడియు, రాత్రి చల్లదనమును గల పొడి మెట్టసీమకు ఇది తగిన కప్పు. ఎల్లప్పుడు తేమయుండి, రాత్రియు పగలును ఒకే తీరున ఉక్కపోయు కోస్తా తీరమున దీని ఉపయోగము ఇంత కానరాదు. ఏ సీమ వాతావరణమునకు తగిన ఇల్లు ఆ సీమలో పుట్టినది.

ఈ మిద్దె కట్టు తీరు మన పెద్దలకు తెలిసినదే అయినను చిన్నవారి కొరకు చెప్పుదుము. ఒకటిన్నర రెండడుగుల మందము గల రాతిగోడలపై దూలములు, దూలములపై అడ్డముగా దంతెలు పరతురు. దంతెలపై చెక్కపట్టెలు గాని, తాడిపత్రి బండల వంటి పలుచని నాపబండలు గాని, అంత స్తోమత లేనివారు కట్టెలు, కంప గాని పేర్తురు. దానిపై బురదమట్టి మెత్తి, ఆపై పొడిమట్టి పోసి దిమ్మిస కొట్టుదురు. అన్నిటికంటె పైన చౌడు పరచుదురు. ఇంటి నడుమ కప్పుకు గవాచి అనబడు రంధ్రము విడిచెదరు. వెలుగు దానినుండియే దిగును. పొగయు వేడిగాలియు దానినుండియే పైకి పోవును. వాన వచ్చినపుడు ఒక బండయో పెంకుమూతయో దానిపై కప్పుదురు.

ఇందులో చౌడు సంగతి విశేషమైనది. చౌడు నేల రైతుకు శత్రువు. అందులో సోడియము లవణములు అధికముగా ఉండును. తడి తగులగానే అందలి జిగటమన్ను మిక్కిలి సన్నని రేణువులుగా విడిపోయి, మట్టిలోని సందులన్నిటిని పూడ్చివేయును. అందుచేత నీరు లోపలికి ఇంకదు, పైరు వేళ్లకు గాలి ఆడదు, పంట రాదు. పొలములో చెడుగైన ఆ గుణమే ఇంటి కప్పుపై మేలైనది. నీరు ఇంకని మట్టియే కదా మిద్దెకు కావలసినది! చౌడుపై గడ్డి మొలవదు గనుక వేళ్లు దిగి మిద్దెను పగులగొట్టు భయమును తక్కువ. రైతు తిట్టుకొను మట్టిని ఇంటి యజమాని బండి కట్టి తెచ్చుకొనుచుండెను. రసాయనశాస్త్రము చదువని బేల్దారులు కంటితో చూచి, చేతితో నలిపి, నాలుకతో రుచి చూచి గ్రహించిన విషయమిది.

ఇంత చెప్పిన తరువాత మిద్దెలోని లోపములను దాచుట న్యాయము కాదు. ఏటేట వానకు ముందు కొత్త చౌడు వేయించవలెను. ఆ పని తెలిసిన కూలీలు నేడు అరుదు. దూలములకు తగిన కలప కొనుట సామాన్యునికి తరము కాదు. ఉన్న కలపకు చెదలు పట్టును. తేళ్లు, ఎలుకలు చేరును. ముసురు వానలు ఎడతెగక పట్టినచో మట్టి అడుసుతో కట్టిన గోడలు నాని కూలును. 2021 నవంబరులో రాయలసీమపై కురిసిన భారీవర్షములు ఈ భయమును మరల జ్ఞాపకము చేసినవి.

అన్నిటికంటె పెద్ద అపాయము చాలమంది గమనింపనిది మరియొకటి కలదు. ఏటేట కొత్త చౌడు వేయుటయే గాని పాతమట్టిని తీయువారు తక్కువ. మూడు నాలుగు తరములు గడచునప్పటికి ఒక అడుగు మట్టి రెండడుగులగును. ఒక ఘనపుటడుగు మట్టి సుమారు 45 కిలోల బరువుండును. పదియడుగులు, పన్నెండడుగులు గల చిన్న గదిపై అడుగు మందపు మట్టి వేసినచో అయిదు టన్నులు దాటును. రెండడుగులైనచో పదకొండు టన్నులకు చేరువగును. వానకు నానినపుడు ఇంకను పెరుగును. దూలము మాత్రము తాతలనాటిదే, పైగా చెదలు తిన్నది. మిద్దె కూలినదను వార్త విన్నప్పుడు వానను నిందించుట వాడుక. పెక్కుసార్లు వాన కేవలము చివరి కారణము. అసలు కారణము పైన పేరుకొన్న బరువు, లోపల పుచ్చిన కలప.

కావున మట్టిమిద్దె ఉన్నవారు ముందుగా చేయవలసిన పని ఇది. వేసవిలో, మట్టి పొడిగా ఉన్నపుడు, మిద్దెపై ఒక మూల చిన్న గుంట త్రవ్వి మందము కొలిచి చూడవలెను. ఒక అడుగుకు మించియున్నచో మిగిలిన మట్టిని ముందు దించి, తరువాతనే పైపొర కొత్త చౌడు వేయవలెను. మట్టి దించునపుడు ఒకే ప్రక్కన తీయక అంతటను సమముగా తీయుట మంచిది. దూలముల కొనలు గోడలో దూరినచోటనే మొదట పుచ్చును. అక్కడ సన్నని మేకుతో పొడిచి చూడవలెను. మేకు మెత్తగా దిగిపోయినచో ఆ దూలము నమ్మదగినది కాదు. నడుమ వంగిన దూలము క్రింద ఎవరును పడుకొనరాదు. నీరు జారు దోనెలు పూడక ఉండునట్లును, వాననీరు గోడల మొదట నిలువక ఉండునట్లును చూచుకొనవలెను. ఇట్టి పరీక్షలకు నిలిచిన మిద్దెను కూల్చుట అనవసరము. నిలువని మిద్దెను చల్లదనము కొరకు అంటిపెట్టుకొనుట ప్రమాదము.

మిద్దె పోయి స్లాబు వచ్చిన ఇండ్లవారు చేయదగినదేమి? కొందరు తొందరపడి, మట్టి చల్లన కదా అని, స్లాబుపైననే మట్టి పోయించుచున్నారు. అది తగదు. జనులు ఎక్కి తిరుగు స్లాబును సాధారణముగా చదరపు మీటరునకు 150 కిలోల అదనపు బరువు మోయునట్లు లెక్క కట్టుదురు. అడుగు మందపు మట్టి చదరపు మీటరునకు 450 కిలోలు దాటును. మోయదగినదానికి ఇది మూడు రెట్లు. ఇంజనీరు లెక్క చూడక స్లాబుపై మట్టి పోయరాదు. మట్టి గుణమును మట్టి బరువు లేకుండ సంపాదించు ఉపాయములు వేరే కలవు.

మొదటిది, అందరికిని అందుబాటులో ఉన్నది, తెల్లని సున్నము. పాతబడి నల్లబారిన స్లాబు తనపై పడిన ఎండలో మూడింట రెండు పాళ్లకు పైగా మ్రింగును. కొత్తగా వెల్ల వేసిన స్లాబు ఇంచుమించు నాల్గింట మూడు పాళ్లను ఆకాశమునకు త్రిప్పి పంపును. ఇంటి తీరును బట్టి గదిలోని వేడిమి రెండు మొదలు ఐదు డిగ్రీల వరకు తగ్గుట పలుచోట్ల చూచినారు. ఫిబ్రవరి నెలాఖరులో మిద్దెను శుభ్రముగా ఊడ్చి, పాచి గీకి, నీళ్లు చల్లి, వడగట్టిన సున్నపు తేటలో గంజి గాని జిగురు గాని కలిపి, ఒకసారి నిలువుగను ఒకసారి అడ్డముగను రెండు పూతలు వేయవలెను. సున్నము కంట పడకుండ జాగ్రత్త వహింపవలెను. దుమ్ము పడి వెల్ల మాసిన కొలదియు దాని శక్తి తగ్గును గనుక ఏటేట ఈ పని చేయవలెను. తాతలు ఏటేట చౌడు వేసినట్లే మనము ఏటేట సున్నము వేయుదుమన్నమాట. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ భవనములకును, వాణిజ్య భవనములకును ఇట్టి కప్పులను తప్పనిసరి చేసినది. మన ఇంటికి ఎవరును తప్పనిసరి చేయనక్కరలేదు. ఒక్క వేసవి చూచినచో చాలును.

రెండవది నీడ. ఎండ స్లాబును తాకకముందే దానిని ఆపుట అన్నిటికంటె మేలు. మిద్దెపై నాలుగు గుంజలు పాతి, ఈతాకులతో గాని కొబ్బరిమట్టలతో గాని చలువపందిరి వేసినచో, పందిరికిని స్లాబుకును నడుమ గాలి ఆడుచుండును. పందిరి వేడెక్కినను ఆ వేడిని గాలి తీసికొనిపోవును. అయితే నిప్పురవ్వ పడకుండను, పెనుగాలికి ఎగిరిపోకుండను కట్టుదిట్టము చేయవలెను. ఆర్థికశక్తి గలవారు సౌరవిద్యుత్తు పలకలను ఎత్తుగా బిగించుకొన్నచో నీడయు విద్యుత్తును ఒకేసారి లభించును.

మూడవది గాలిని బంధించుట. నిలిచిన గాలి వేడిమిని సులభముగా ప్రాకనీయదు. చిన్న మట్టికుండలను స్లాబుపై దగ్గర దగ్గరగా బోర్లించి, సందులలో సున్నపు గార నింపి, పైన తెల్లని పెంకులు పరచుట పాత పద్ధతి. కుమ్మరికి పని దొరకును, ఇంటికి చల్లదనము దొరకును. ఈ బరువును కూడ ముందుగా ఇంజనీరు చేత చూపించుట మంచిది. నేడు థర్మోకోలు వంటి తేలికైన పలకలు కూడ దొరకుచున్నవి. రెండంగుళముల గట్టి పలకను స్లాబుపై పరచి, దానిపై నీరు దిగని పూతయు తెల్లపెంకులును వేసినచో, లోపలికి దిగు వేడిమి ఆరవ వంతునకు చేరువగా తగ్గును. ఈ పలకలను స్లాబుకు పైననే వేయవలెను. లోపలివైపు అతికించినచో కొంత ఉపయోగమున్నను స్లాబు వేడెక్కుట ఆగదు.

వేడిమి దిగుటను కొలుచుటకు శాస్త్రజ్ఞులకు ఒక కొలత కలదు. కప్పుకు పైనను క్రిందను ఒక డిగ్రీ భేదమున్నప్పుడు ఒక చదరపు మీటరుగుండ ఎన్ని వాట్ల వేడిమి దిగును అనునదే ఆ కొలత. మన దేశమున ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరులో నివాసగృహముల కొరకు ఎకో నివాస్ సంహిత అను నియమావళిని వెలువరించినది. అందులో ఇంటి కప్పుకు ఈ కొలత 1.2కు మించరాదని నిర్ణయించినారు. ఏ కవచమును లేని మన స్లాబుకు ఈ కొలత 3 దాటును. అడుగు మందపు పొడిమట్టి గల మిద్దెకు లెక్క కట్టినచో 1.3, 1.4కు చేరువగా వచ్చును. చదువెరుగని బేల్దారి వేసిన మిద్దె, నేటి నియమావళి గీసిన గీతకు ఇంచుమించు ప్రక్కనే నిలిచినది. ఈ ఒక్క సంగతి మన పాత ఇండ్లను వేరు కంటితో చూచుటకు చాలును.

రేకుల ఇండ్లలో ఉన్నవారి కష్టము ఇంకను ఎక్కువ. రేకుకు మందము లేదు గనుక ఎండ పడిన కొన్ని నిమిషములలోనే వేడి లోపలికి దిగును. రాత్రి త్వరగా చల్లబడుట ఒక్కటే దాని మేలు. రేకుపై తెల్లరంగు వేసి, లోపల జానెడు ఎడమున వెదురు తడకతో అటక కట్టి, ఆ ఎడములోని వేడిగాలి పోవుటకు రెండు కొనలను తెరచియుంచినచో పగటిపూట కొంత ఊరట కలుగును. బండల కప్పు చల్లనిదను భ్రమ కూడ కొందరికి కలదు. బండ నేలపై చల్లన. కప్పుపై మట్టి లేని వట్టిబండ కాంక్రీటు కంటె మేలైనది కాదు.

కిటికీల విషయమున ఒక అలవాటు మార్చుకొనవలెను. గాలి కొరకని మధ్యాహ్నము కిటికీలు తెరచియుంచుట ఈ సీమలో పొరపాటు. వెలుపలి గాలి లోపలి గాలి కంటె వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసి, ప్రొద్దు క్రుంకి వెలుపల చల్లబడిన తరువాత అన్నియు తెరచి, తెల్లవారువరకు గాలి ఆడనీయవలెను. చల్లబడిన గోడలు మరునాటి మధ్యాహ్నము వరకు ఆ చల్లదనమును ఇచ్చును. కప్పు దగ్గర ఒక చిన్న వెంటిలేటరు ఉన్నచో పాత గవాచివలె పైకెగసిన వేడిగాలిని పంపివేయును. పడమటి గోడకు ఒక వసారా గాని, వేపచెట్టు గాని, తీగపందిరి గాని ఉండవలెను. నీటితో నడచు కూలరు మన పొడిగాలిలో బాగుగా పనిచేయును. ఒక లీటరు నీరు ఆవిరియగునపుడు ఒక యూనిట్ విద్యుత్తులో మూడింట రెండు వంతులకు సమానమైన వేడిమిని గాలినుండి తీసికొనును. కాని బిందె నీటికి వెదకు ఊళ్లలో ఆ నీటిని లెక్కించి వాడవలెను. మొదట కప్పును సవరించినవారికి కూలరుతో పని చాలవరకు తగ్గును.

కొత్త ఇల్లు కట్టుకొనువారికి మార్గము ఇంకను సుగమము. ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉంచి, పడమటి గోడను చిన్నదిగా చేయవలెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో 1974లో ఏర్పడిన ఆస్ట్రా విభాగము, ఎర్రమట్టిలో నూటికి ఆరు ఎనిమిది పాళ్లు సిమెంటు కలిపి యంత్రముతో నొక్కిన ఇటుకలను వృద్ధిచేసినది. వీటిని కాల్చనక్కరలేదు గనుక కట్టెలు మిగులును. చౌడుమట్టి మాత్రము వీటికి పనికిరాదు. కేరళలో ఇండ్లు కట్టిన లారీ బేకరు, స్లాబు అడుగుభాగమున బరువు మోయని చోట కాంక్రీటుకు బదులు పాత పెంకులను పొదిగి, సిమెంటు ఖర్చును వేడిమిని కూడ తగ్గించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఇవేవియు కోటీశ్వరుల ఇండ్లకు ఉద్దేశించినవి కావు. వీటిని తెలిసిన మేస్త్రిని వెదకుటయే కొంత శ్రమ.

ఇప్పుడు ఆ నేతపనివారి ఇంటికి మరల పోవుదము. నేతగానికి ఇల్లే పనిచోటు. రాత్రి నిద్ర లేనివాడు పగలు మగ్గముపై సన్నని పట్టుపోగును సరిగా చూడజాలడు. కావున ఆ వాదము కేవలము సుఖమును గురించినది కాదు, జీవనమును గురించినది. వారు మిద్దెపై గుంట త్రవ్వి చూడగా మట్టి అడుగున్నర దాటియున్నది. ఒక దూలము కొన పుచ్చియున్నది. మిగిలినవి గట్టిగానే ఉన్నవి. పుచ్చిన దూలమునకు బదులు ఇనుప దూలము వేయించి, అదనపు మట్టిని దించి, కొత్త చౌడు వేసికొనుటకు కుమారుడు ఒప్పుకొనెను. ముందరి స్లాబుకు సున్నము వేయించి పందిరి కట్టుటకు తల్లి తన పొదుపుడబ్బు ఇచ్చెను. మగ్గమును గురించి ఇంకను ఆలోచించుచున్నారు.

మీ ఇంటిలో కూడ ఇటువంటి మాట వచ్చినప్పుడు, గడ్డపారను చేతబట్టుటకు ముందు, రాత్రి తొమ్మిది గంటలకు పీట వేసికొని కప్పును ఒకసారి తాకి చూడుడు. కూల్చవలసినదేదియో, కాపాడుకొనవలసినదేదియో మీ అరచేయి చాలవరకు చెప్పును. మిగిలినది మేకుతోను కొలబద్దతోను తేల్చుకొనుడు.